గాలానికి తగిన బెండు ఏది?

కాలువల్లో, చెరువుల్లో పరిగెలు, గొరకలు, తిలాపియా వంటి చిన్న చేపలకు గాలం వేసేవారికి ఎర ఎంత ముఖ్యమో బెండూ అంతే ముఖ్యం. ఎరను తగిన లోతులో నిలపడం, చేప తాకిన సంగతి తెలపడం దాని పని.

బెండు పెద్దదైతే దానిని ముంచడానికి ఎక్కువ బలం కావాలి. చిన్న చేప ఆ లాగుడు తెలియగానే ఎరను విడిచిపెడుతుంది. మరీ చిన్నదైతే ఎర బరువుకే మునిగిపోతుంది.

నిలువ నీటిలో: ఈక కాడ, సన్నగా చెక్కిన జీలుగు బెండు అనుకూలం. స్వల్ప తాకిడికీ కదులుతాయి.

పారే కాలువలో: పైభాగం ఉబ్బుగా, అడుగు సన్నగా ఉన్న బెండు నిలకడగా ఉంటుంది.

గాలి వీచే చెరువులో: పొడవాటి బెండుకు అడుగు కొన వద్ద మాత్రమే దారం కట్టి, దారాన్ని నీటిలో ముంచితే గాలికి కొట్టుకుపోదు.

సరిచూసుకోవడం ఇలా: బెండు కొన మాత్రమే పైకి కనిపించే వరకు దారానికి బరువు చేర్చాలి. ఆ తర్వాత బెండు అడ్డంగా పడితే ఎర నేలను తాకినట్లే. లోతు తగ్గించాలి. నిటారుగా నిలిచిన బెండు హఠాత్తుగా పైకి లేచి వాలితే చేప ఎరను కరచి పైకి వస్తున్నట్లు. అప్పుడూ గాలం లాగాలి.

బరువుకు సీసం గుళ్లు వాడరాదు. తెగిపడిన గుళ్లు మింగితే నీటి పక్షులు విషం సోకి చనిపోతాయి. చిన్న ఇనుప నట్టు చాలు.

అనేక గ్రామాల్లో చెరువు చేపలపై హక్కు మత్స్యకార సహకార సంఘాలది. వారి జీవనాధారం అదే కనుక ముందుగా అనుమతి పొందాలి.