కాలేజీ ఎంత దూరం?

ఇంజనీరింగ్ ఆప్షన్లు రాసుకునే ఇళ్ళల్లో ర్యాంకు, బ్రాంచి, ప్లేస్‌మెంటు అనే మాటలు గట్టిగా వినిపిస్తాయి. ఆడపిల్ల ఉంటే ఇంకో మాట మెల్లిగా వస్తుంది: ఎంత దూరం? మా ఏలూరు ఇంట్లోనూ ఈ ఏడాది అదే నలుగుతోంది. ఆ మాటకి మనవైపు పెద్ద చరిత్రే ఉంది.

తెలుగింటి ఆడపడుచు అయ్యలసోమయాజుల లలితతో మొదలుపెడతాను. పద్దెనిమిదేళ్ళకే భర్త పోయాడు, ఒళ్ళో నెలల పాప. డాక్టరు చదివితే అర్ధరాత్రి బిడ్డని వదిలి పరుగెత్తాలని ఆ చదువు వద్దనుకున్నారు. తండ్రి పప్పు సుబ్బారావు గారు మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ప్రొఫెసరు. అక్కడ అప్పటికి అమ్మాయిలే లేరు, ఆయన పట్టుబట్టి అనుమతి తెచ్చారు. 1943లో ఆవిడ ఎలక్ట్రికల్ ఇంజనీరయ్యారు. అదే తండ్రి ఏ ఏలూరులోనో గుమాస్తా అయితే? గిండీ మద్రాసులో ఉంది, మనం ఇక్కడ.

1946లో విశాఖలో మొదలైన కాలేజీ తరవాత కాకినాడకి మారింది. 1959లో వరంగల్లో ఆర్‌ఈసీ వచ్చింది. మా పెద్ద మావయ్య కాకినాడలో చదివాడు. లెక్కల్లో మా అమ్మకే ఎక్కువ మార్కులొచ్చేవట. ఆవిడ పేరున దరఖాస్తు ఫారం తెప్పించాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. అమ్మ ఈ సంగతి నవ్వుతూనే చెబుతుంది, నాకే నవ్వు రాదు.

ఆ తరవాత కాలేజీలే దగ్గరకొచ్చాయి. 1977లో విజయవాడ సిద్ధార్థ, 1980లో భీమవరం ఎస్‌ఆర్‌కేఆర్, 1989లో మా ఊళ్ళోనే సర్ సి.ఆర్.రెడ్డి. ఆకివీడు, కైకలూరు పిల్లలకి పొద్దున బస్సెక్కి సాయంత్రం ఇల్లు చేరే చదువైంది. కొల్లేటి లంకల్లో వరదొస్తే పడవే దారి, అక్కడివాళ్ళకి ఈ దగ్గరితనం విలువ బాగా తెలుసు.

దూరం తగ్గితే డబ్బు అడ్డొచ్చింది. డొనేషన్లని నిషేధిస్తూ రాష్ట్రం 1983లో చట్టం చేసింది, 1986 నుంచి ఎంసెట్ వచ్చింది. మన రాష్ట్రం పేరుతోనే నడిచిన ఉన్నికృష్ణన్ కేసులో 1993లో సుప్రీంకోర్టు ఫ్రీ సీటు, పేమెంటు సీటు అని విడదీసింది. ఆ రెండు మాటలూ మా వయసువాళ్ళకి గుర్తుండే ఉంటాయి. పేమెంటు సీటు అంటే చాలా ఇళ్ళల్లో కొడుక్కే. ఫీజు రీయింబర్స్‌మెంటు వచ్చాక గానీ ఆ లెక్క కొంత మారలేదు.

2015లో తాడేపల్లిగూడెంకి ఎన్‌ఐటీ వచ్చింది, మొదటి తరగతులు పక్కనే శ్రీవాసవి కాలేజీలో జరిగాయి. సగం సీట్లు మన రాష్ట్రం పిల్లలకే. 2018 నుంచి ఎన్‌ఐటీల్లో అమ్మాయిలకి అదనపు సీట్లూ ఇస్తున్నారు. ఏలూరు నుంచి రైలెక్కితే గంట ప్రయాణం.

జాబితా రాసేటప్పుడు ఒకటి చూసుకోండి. ఇష్టమైనది పైన రాస్తే కిందది పోదు. మన ర్యాంకుకి అందేవాటిలో పైనున్నదే ఇస్తారు. అందుకని దగ్గరున్నదే ముందు రాయాలన్న బలవంతం లేదు. మా అమ్మాయి వరంగల్ మొదట రాసింది, గూడెం రెండోది. వరంగల్లో మనమిప్పుడు వేరే రాష్ట్రం వాళ్ళం, అక్కడ సీటు కష్టమే. వాళ్ళ నాన్న క్రమం మార్చమన్నారు. మా అమ్మ కళ్ళజోడు పెట్టుకుని జాబితా అంతా చదివి, "దాన్ని అలాగే ఉంచండి" అంది.