పెరూ నవల - ఎవరి కథ? ఎవరి నోట?

పెరూ నవల అనగానే ప్రపంచం మారియో వర్గాస్ లోసా పేరు చెబుతుంది. 1963 నాటి తొలి నవలతోనే ఆయనకి పేరొచ్చింది. 2010లో నోబెల్ దక్కింది. 2025లో చనిపోయేదాకా ఆయనకి పెద్దపీటే. ఆ ఘనతను మేం కాదనడం లేదు. ఆండీస్ కొండల్లో కెచువా మాట్లాడే ఆదివాసులు ఆ పీటకి ఎంత దూరంలో ఉన్నారన్నదే మా ప్రశ్న.

వాళ్ళ కథ నవల్లోకి ఎప్పుడో ఎక్కింది. ఆదివాసుల మీద పూజారులు, అధికారులు సాగించే దౌర్జన్యాన్ని 1889లోనే క్లోరిండా మత్తో దె తుర్నేర్ 'గూడులేని పక్షులు' నవలలో బయటపెట్టింది. చర్చి ఆమెను వెలివేసింది. 1895లో ఆమె ప్రెస్సును ధ్వంసం చేశారు. ఆమె పరాయి దేశంలోనే కన్నుమూసింది.

అయితే కథ వాళ్ళదే గానీ కలం వాళ్ళది కాదు. 1928లో మరియాతెగి ఈ మాటే తేల్చి చెప్పాడు: ఇది మిశ్రమ జాతివాళ్ళు రాస్తున్న సాహిత్యం, ఆదివాసుల సాహిత్యం ఆదివాసులే రాసిన రోజున వస్తుంది. ఆ రోజు ఊరికే వస్తుందా? బడి స్పానిష్‌లో, కోర్టు స్పానిష్‌లో. చదువురానివాళ్ళకి ఓటు కూడా 1979 రాజ్యాంగం వచ్చాకే.

ఈ రెండు లోకాల నడుమ నలిగినవాడు హొసే మరియా అర్గేదాస్. పుట్టింది తెల్లవాళ్ళ ఇంట్లో, 1911లో. తల్లి పోయాక సవతితల్లి వంటింట్లోకి నెట్టేస్తే కెచువా పనివాళ్ళే అక్కున చేర్చుకున్నారు. వాళ్ళ భాషే ఆయన గుండెభాష అయింది. 'లోతైన నదులు' (1958) నవలలో స్పానిష్ వాక్యానికి కెచువా నడక నేర్పాడు. 1965లో లీమాలో మేధావులు కూచుని, ఆయన 'అన్ని నెత్తుర్లు' నవల దేశ వాస్తవానికి సరిపోదని తీర్పు చెప్పారు. తన బతుక్కి అర్థం లేకుండా పోయిందని ఆ రాత్రే ఆయన రాసుకున్నాడు. 1969లో తుపాకీతో కాల్చుకుని చనిపోయాడు. 1996లో వర్గాస్ లోసా ఆయన మీద ఓ పుస్తకమే రాసి, ఆయన చూపిన ఆండీస్ పాతకాలపు కలేనన్నాడు.

కల అయితే అక్కడితో చచ్చిపోవాలి కదా! 2016లో పాబ్లో లాందెయో 'అకుపంప' నవలను కెచువాలో రాసి, స్పానిష్ అనువాదం పెట్టకుండానే అచ్చు వేయించాడు. 2018లో దానికి పెరూ జాతీయ బహుమతి వచ్చింది. మరియాతెగి చెప్పిన రోజు తొంభై ఏళ్ళకి గడప తొక్కింది.

ఏ భాష నుంచి అనువాదమైతే ప్రపంచం చదువుతోంది, ఏ భాషను పక్కన పెడుతోంది - ప్రపంచ సాహిత్యమనే మాట వినగానే మనం ముందు అడగాల్సింది ఇదే.