వాయుతరంగములపై చదరంగము

చదరంగమాడువారు ఎదురెదురుగా కూర్చుందురు. ఎదిరి కనుబొమ్మ ముడివడుటయు, పావుపైకి సాగిన చేయి సందేహించి వెనుకకు మరలుటయు చూచుచు ఆడుట మన యిండ్ల అరుగులమీది వాడుక. అట్టి ఆటను ఇరువదిమంది, రెండు ఖండములనుండి, ఒకరి ముఖమొకరు చూడకయే నాలుగు దినములు ఆడిరి. వారి నడుమ నున్నది రేడియో యొక్కటియే. రేడియో నిలయమున పనిచేయు మావంటివారికి ఆ కథ మిక్కిలి ప్రియమైనది. దానినే నేడు శ్రోతలకు నివేదించుచున్నాము.

1945వ సంవత్సరము సెప్టెంబరు 1 మొదలు 4వ తేదీ వరకు అమెరికా సంయుక్త రాష్ట్రములకును, నాటి సోవియట్ యూనియనుకును ఈ పందెము జరిగినది. సెప్టెంబరు 2వ తేదీననే టోకియో అఖాతమున జపాను లొంగుబాటు పత్రముపై సంతకము చేసినది. ఆరేండ్లు యుద్ధ సంకేతములను మోసిన వాయుతరంగములు ఆ దినములలో బంటుల నడకలను, గుఱ్ఱముల నడకలను కూడ మోసినవి.

న్యూయార్కున హెన్రీ హడ్సన్ హోటలులో అమెరికా జట్టు, మాస్కోలో సోవియట్ జట్టు కూర్చుండెను. న్యూయార్కున నగర మేయరు లా గార్డియా మొదటి ఎత్తు వేసి వేడుక ప్రారంభించెను. జట్టునకు పదుగురు, ప్రతి జంటకు రెండేసి ఆటలు, వెరసి 20 ఆటలు. గెలుపునకు ఒకటి, సమమైనచో చెరి సగము.

ఎత్తులను పంపుటకు ఊడెమాన్ సంకేతమును వాడిరి. అందు 64 గడులలో ప్రతి గడికిని ఒక హల్లు, ఒక అచ్చు కలిసిన పేరు కలదు. పావు విడిచిన గడి పేరును, చేరిన గడి పేరును కూర్చినచో నాలుగు రోమను అక్షరముల మాట యగును. మన లిపిలో వ్రాసినచో రెండే అక్షరములు! గుణింతము నేర్చిన పిల్లవానికి ఈ ఉపాయము ఇట్టే బోధపడును. ఒక్కొక్క ఎత్తు ఆవలి నగరమును చేరుటకు కొన్ని నిమిషములు పట్టుచుండెను.

పందెమునకు ముందు అమెరికా పక్షమున ధైర్యము మెండు. 1931, 1933, 1935, 1937 సంవత్సరముల ఒలింపియాడులలో ప్రథమస్థానము వారిదే. సోవియట్ జట్టు ఆ పోటీలలో అప్పటికి అడుగుపెట్టియే యుండలేదు. రెషెవ్‌స్కీ బాల్యమునుండియే ప్రసిద్ధుడు. ఫైన్ 1938లో ఆవ్రో పోటీయందు కెరెస్‌తో సమానముగా అగ్రస్థానము పొందినవాడు.

ఆట మొదలైన పిదప ఈ లెక్కలన్నియు తారుమారైనవి. మొదటి బల్లపై అమెరికా విజేత డెంకర్‌ను బొత్విన్నిక్ రెండాటలలోను ఓడించెను. అందొకదానిలో నల్ల పావులతో ఆడుచు, ఏనుగును బలియిచ్చి, ఎదిరి రాజును బయటికి లాగి, 25 ఎత్తులలో ముగించెను. రెండవ బల్లపై 24 ఏండ్ల స్మిస్లోవ్ రెషెవ్‌స్కీని రెండు మారులును గెలిచెను. పదవ బల్లపై 21 ఏండ్ల బ్రాన్‌స్టైన్ సాంటసియర్‌ను అట్లే గెలిచెను. అమెరికా పక్షమున స్టైనర్ తన ఎదిరి బొందరెవ్‌స్కీకంటె ఎక్కువ పొందెను. హోరోవిట్జ్ ఫ్లోర్‌పై ఒక ఆట గెలిచెను. తుది లెక్క సోవియట్ జట్టునకు 15½, అమెరికాకు 4½.

ఇంత అంతరమేల కలిగినది? అమెరికా ఆటగాండ్రలో పెక్కురు వేరు వృత్తులతో జీవించుచు తీరిక వేళల ఆడువారు. సోవియట్ దేశమున చదరంగమునకు ప్రభుత్వ పోషణమును, క్రమమైన శిక్షణమును ఉండెను. కావున వారి జట్టులో మొదటి బల్లనుండి పదవ బల్లవరకు బలము తగ్గలేదు. ఆ పదవ బల్లవాడే 1951లో ప్రపంచ విజేతృత్వమునకై బొత్విన్నిక్‌తో పోరాడి 12-12గా సమము చేసెను.

ఓటమికి రేడియో కారణమని అనుటకును వీలులేకపోయెను. 1946 సెప్టెంబరులో అమెరికా జట్టు మాస్కోకు పోయి ముఖాముఖిగా ఆడి, 7½ - 12½గా మరల ఓడెను. బొత్విన్నిక్ 1948లోను, స్మిస్లోవ్ 1957లోను ప్రపంచ విజేతలైరి. 1952లో హెల్సింకి ఒలింపియాడున తొలిసారి పాల్గొన్న సోవియట్ జట్టు ప్రథమస్థానము నందెను.

కొలది ఏండ్లలోనే ఆ రెండు రాజ్యముల నడుమ మాటలు కఠినమైనవి. ఐనను ఆ నాలుగు దినములు వారు ఒకరి మాటకై ఒకరు చెవియొగ్గి కూర్చుండిరి. శ్రోతలారా! ఇంట చదరంగపు బల్ల పరచినపుడు పిల్లలలో ఒకరిని పక్క గదిలో కూర్చుండబెట్టి, ఎత్తులను పలికించి చూడుడు. గడులకు పేర్లు పెట్టుట మాత్రము వారికే విడువుడు.