ఒక్క నిమిషం ఆగు, ఎడ్డీ

2020 జనవరి 11, శనివారం పొద్దున. షాంఘైలోని హోంగ్‌చావ్ విమానాశ్రయం. వైరాలజిస్టు జాంగ్ యోంగ్‌జెన్ బీజింగ్ విమానం ఎక్కుతున్నాడు. ఫోను మోగింది.

సిడ్నీ నుంచి ఎడ్వర్డ్ హోమ్స్. ఏళ్ల తరబడి కలిసి పనిచేసిన మిత్రుడు. అడగబోయేది ఒక్కటే. ఆ ఫైలు బయటపెడదామా, వద్దా?

ఇంకాసేపట్లో తలుపులు మూస్తారు. ఫోన్లు ఆపేయమంటారు. తర్వాత రెండు గంటల పాటు జాంగ్ ఎవరికీ దొరకడు. జవాబేదో ఇప్పుడే చెప్పాలి. కానీ నోరు విప్పొద్దని ఎనిమిది రోజుల కిందటే పైనుంచి ఉత్తర్వు వచ్చి ఉంది.

జనవరి 3న జాంగ్ ప్రయోగశాలకు ఒక లోహపు పెట్టె వచ్చింది. దాదాపు 700 కిలోమీటర్ల దూరంలోని వూహాన్ నుంచి రైల్లో వచ్చింది. మూత తీస్తే డ్రై ఐస్ పొగ. పొగ మధ్యలో టెస్ట్ ట్యూబు. ఒక రోగి ఊపిరితిత్తుల్ని కడిగి తీసిన ద్రవం అందులో ఉంది.

ఆ రోగి వూహాన్‌లోని హువానాన్ సీఫుడ్ మార్కెట్లో పనిచేసేవాడు. డిసెంబరు 26న వూహాన్ సెంట్రల్ హాస్పిటల్లో చేరాడు. జ్వరం, ఛాతీ పట్టేసినట్టుండటం, పొడి దగ్గు. ఫ్లూ పరీక్ష చేశారు, కాదన్నది. తెలిసిన మిగతా క్రిములకూ చేశారు, అవీ కావు. మందులు వేసినా తగ్గలేదు. ఇలాంటివాళ్లు ఇంకా ఉన్నారు. డిసెంబరు 31న వూహాన్ అధికారులు 27 మంది అన్నారు. మర్నాడే మార్కెట్‌ మూసేశారు. మరి వీళ్లకి వచ్చిందేమిటి?

పెట్టె షాంఘై చేరిన రోజే బీజింగ్‌లో జాతీయ ఆరోగ్య కమిషన్ ఒక ఉత్తర్వు రాసింది. అనుమతి లేకుండా ఏ ప్రయోగశాలా ఈ జబ్బు గురించి ఏమీ ప్రచురించకూడదు. దగ్గరున్న శాంపిళ్లను చెప్పినచోట అప్పగించాలి, లేదా నాశనం చేయాలి. అది బయటికి ప్రకటించిన ఉత్తర్వు కాదు.

షాంఘైలో మిషన్లు ఆగలేదు. ఫలానా వైరస్ అయి ఉంటుందని ముందే అనుకుని వెతకడం జాంగ్ బృందం పద్ధతి కాదు. ద్రవంలో ఉన్న ఆర్‌ఎన్‌ఏ మొత్తాన్నీ బయటికి తీస్తారు, చిన్నచిన్న ముక్కలుగా చదువుతారు, చించి పారేసిన ఉత్తరాన్ని ఏరుకొచ్చి అతికించినట్టు ఆ ముక్కల్ని కంప్యూటర్లో ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటూ పోతారు, పేర్చినదాంట్లో మనిషిది తీసేసి, మామూలుగా ఉండే సూక్ష్మజీవులవి తీసేసి, చివరికి ఏ లెక్కకూ రానిది ఏం మిగిలిందో చూస్తారు. హోమ్స్‌తో కలిసి ఈ దారిలోనే పురుగుల్లో, సాలీళ్లలో 1,445 కొత్త వైరస్‌లు కనిపెట్టి 2016లో ప్రచురించారు. వాటి వేటలో ఇంత కంగారు లేదు. అవి మనిషి ఊపిరి మీదికి వచ్చినవి కావు.

నలభై గంటలు. నిద్రల్లేవు. జనవరి 5, తెల్లవారుజామున రెండు గంటలు. తెర మీద వైరస్ జన్యు వరస పూర్తయింది. దాదాపు 30 వేల అక్షరాలు. ఎ, సి, జి, టి. ఆ నాలుగే అటూ ఇటూ మారుతూ తెర నిండా. పాతవాటితో పోల్చి చూశారు. గబ్బిలాల్లోని ఒక కరోనా వైరస్‌తో 89 శాతం కలిసింది. దాని చుట్టాల్లో ఒక పాత పేరు కనిపించింది. సార్స్. 2002-03లో 8,096 మందికి సోకి, 774 మందిని చంపి వెళ్లిన జబ్బు.

పొద్దుటికల్లా పైవాళ్లకు కబురు వెళ్లింది. సార్స్‌ లాంటిది, బహుశా గాలి ద్వారా అంటుకుంటుంది, జనం గుమిగూడే చోట్ల జాగ్రత్తలు పెట్టండి అని. అదే రోజు ఆ వరస అమెరికాలోని జెన్‌బ్యాంక్‌కి కూడా చేరింది. ప్రపంచం నలుమూలల నుంచి వచ్చే జన్యు వరసల్ని భద్రపరిచే చోటు అది. ఫైలు లోపలికి వెళ్లింది. కానీ దాన్ని జనానికి చూపించమని చెప్పేవాళ్లు లేరు. తాళం పడింది.

ఆరో తేదీ గడిచింది. ఏడో తేదీ గడిచింది. ఎనిమిదో తేదీన ఆ వైరస్ విమానం దిగింది.

బ్యాంకాక్ విమానాశ్రయం. వూహాన్ నుంచి వచ్చిన ఒక ప్రయాణికురాలికి ఒళ్లు కాలిపోతోంది. గొంతు నొప్పి. సిబ్బంది పక్కకి తీసి ఆసుపత్రికి పంపారు. శాంపిల్ చులాలాంగ్‌కోర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకురాలు సుపాపోర్న్ వచరాప్లుసాదీ బల్ల మీదికి వచ్చింది. మర్నాటికల్లా ఆమె బృందం ఆ వైరస్ జన్యువులో కొంత భాగం చదివేసింది. కరోనా కుటుంబమే. కొత్తదే. ఆమె తమ ప్రభుత్వానికి చెప్పింది. తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని, లోకంలో ప్రచురితమైన వరసల్లో దీనికి సరిపోయేదాని కోసం వెతికింది. ఏమీ దొరకలేదు. దొంగ వేలిముద్ర చేతిలో ఉంది. పోల్చుకోవడానికి రికార్డు లేదు. ఇది వూహాన్ వైరసే అని ఆమె ఎలా చెప్పగలదు?

అదే తొమ్మిదో తేదీన చైనా ప్రకటించింది. కొత్త కరోనా వైరస్ అని. అంతే. జన్యు వరస ఇవ్వలేదు. పేరు చెప్పి ముఖం దాచారు. ముఖం తెలియకుండా పరీక్ష తయారు కాదు. పరీక్ష లేకుండా ఎవరికి ఏ జబ్బో తేలదు. టీకా మాట సరే సరి. జనవరి 5న షాంఘైలో తేలిపోయిన సంగతి 10వ తేదీ రాత్రికి కూడా బ్యాంకాక్‌కి తెలియదు, బెర్లిన్‌కి తెలియదు, మనకీ తెలియదు. ఆ రోజులు వృథా అయ్యాయి. ఎవరెంత సర్ది చెప్పినా అది మారదు.

సిడ్నీలో హోమ్స్ మీద ఒత్తిడి పెరుగుతోంది. ఆస్ట్రేలియాలో అది కార్చిచ్చుల వేసవి. హోమ్స్ తలలో మాత్రం వూహాన్ తిరుగుతోంది. హువానాన్ మార్కెట్ అతనికి కొత్త కాదు. 2014 అక్టోబరులో వూహాన్ వ్యాధి నియంత్రణ కేంద్రం వాళ్లతో కలిసి ఆ మార్కెట్లో తిరిగాడు. బోనుల్లో బతికున్న రాకూన్ డాగ్‌లను చూశాడు. ఫొటోలు తీశాడు. ఇలాంటి చోటే వైరస్‌లు జంతువు నుంచి మనిషిలోకి దూకుతాయని అప్పుడే అనుకున్నాడు. ఇప్పుడు ఆ మార్కెట్‌తో ముడిపడిన వైరస్ తాలూకు వరస మిత్రుడి దగ్గర ఉంది.

శనివారం ఇక ఆగలేకపోయాడు. ఫోన్ తీశాడు.

హోంగ్‌చావ్‌లో జాంగ్ విన్నాడు. వెంటనే సరే అనలేదు. కాదనీ అనలేదు.

“ఒక్క నిమిషం ఆగు, ఎడ్డీ. ఆలోచించుకోనీ.”

ఒక వైపు ఉత్తర్వు, తన ఉద్యోగం, తనను నమ్ముకున్న బృందం, ఏళ్ల తరబడి కట్టుకున్న ప్రయోగశాల. ఇంకో వైపు ఊపిరాడని వూహాన్ వార్డులు, పేరు తెలియని జబ్బుతో దేశాలు దాటుతున్న విమానాలు, దాన్ని పట్టుకునే సాధనం లేక కళ్లప్పగించి చూస్తున్న డాక్టర్లు. ఆ నిమిషంలో అతను ఎవరినీ సలహా అడగలేదు. ఎవరి అనుమతీ అడగలేదు.

“సరే.”

ఫోను ఆగిపోయింది. విమానం లేచింది.

ఫైలు సిడ్నీ చేరింది. హోమ్స్ స్కాట్‌లాండ్‌లోని ఎడిన్‌బరోకి కబురు పెట్టాడు. అక్కడ అర్ధరాత్రి దాటింది. వైరస్‌ల పరిణామాన్ని చదివే ఆండ్రూ రాంబో మెలకువగానే ఉన్నాడు. వైరాలజిస్టులు చూసే ‘వైరలాజికల్’ వెబ్‌సైట్ నడిపేది అతనే. ఇద్దరూ కలిసి నాలుగు ముక్కలు రాశారు. ఇది ఎవరి పని, ఎక్కడి శాంపిల్ అన్నది చెప్పి, ఎవరైనా దించుకోవచ్చు, పంచుకోవచ్చు, వాడుకోవచ్చు అని రాశారు. పత్రిక లేదు. సమీక్షకులు లేరు. రుసుము లేదు. ఫైలు చేతికొచ్చినప్పటి నుంచి 52 నిమిషాలు. ఎడిన్‌బరో గడియారంలో రాత్రి 1 గంట 5 నిమిషాలు.

హోమ్స్ ట్విట్టర్‌లో చిన్న కబురు పెట్టాడు. వరస ఇదిగో, అందరికీ అందుబాటులో ఉంది అని.

మనకప్పుడు ఉదయం 6.35. భోగికి ఇంకా మూడు రోజులే. బస్టాండుల్లో, రైల్వే స్టేషన్లలో సంక్రాంతికి ఊరెళ్లే జనం కిటకిటలాడుతున్నారు. చంకలో పిల్లలు, చేతిలో సంచులు, మూతికి మాస్కు లేదు. స్కాట్‌లాండ్‌లో ఎవరో ఒక బటన్ నొక్కారని వాళ్లకి తెలియదు. రెండు నెలలు తిరక్కుండానే అందరి బతుకూ ఆ ఫైలు చుట్టూ తిరగబోతోందనీ తెలియదు.

బీజింగ్‌లో విమానం దిగింది. జాంగ్ ఫోన్ తెరిచేసరికి వార్త ప్రపంచమంతా పాకిపోయింది.

బ్యాంకాక్‌లో సుపాపోర్న్ తన ముక్కని ఆ వరస పక్కన పెట్టింది. అతికినట్టు సరిపోయింది. జనవరి 13న థాయిలాండ్ ప్రకటించింది. చైనా బయట నిర్ధారణ అయిన మొదటి కేసు అదే. అదే రోజు బెర్లిన్‌లో క్రిస్టియన్ డ్రోస్టెన్ బృందం తయారుచేసిన పరీక్ష విధానాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ అందరికీ ఇచ్చింది. అదే రోజు అమెరికాలో మోడెర్నా, ప్రభుత్వ శాస్త్రవేత్తలు తమ టీకాలో ఉండాల్సిన వరసని ఖాయం చేసుకున్నారు. వాళ్ల చేతికి వైరస్ రాలేదు, శాంపిల్ రాలేదు, వచ్చింది అక్షరాలు మాత్రమే. మార్చి 16న సియాటిల్‌లో మొదటి వలంటీరు భుజానికి సూది గుచ్చారు.

హైదరాబాద్ గాంధీ ఆసుపత్రిలో ముక్కులో పుల్ల పెట్టి తీసిన ప్రతి శాంపిల్‌నీ మిషన్ వెతికింది ఆ వరసలోని ముక్కల కోసమే. రిపోర్టు కోసం రాత్రంతా ఫోన్ పట్టుకుని కూర్చున్న ఇంట్లోవాళ్లందరూ ఎదురుచూసింది కూడా ఆ నాలుగు అక్షరాల తీర్పు కోసమే.

అయితే జాంగ్?

జనవరి 12. ఫైలు బయటికొచ్చిన మర్నాడు. చైనా ప్రభుత్వ సంస్థలు కూడా ఆ రోజే తమ వరసలు ప్రపంచానికి ఇచ్చాయి. అదే రోజు షాంఘై అధికారులు జాంగ్ ప్రయోగశాలను మూయించారు. కారణంగా ఒక్క మాట చెప్పారు. ‘సరిదిద్దుకోవడానికి’. ఏం తప్పు జరిగిందో చెప్పలేదు. ఆ వైరస్ వరసని అందరికన్నా ముందు లోకానికి ఇచ్చిన బల్లల దగ్గర, లోకానికి వాటి అవసరం ఎక్కువగా ఉన్న రోజున, దీపాలు ఆరిపోయాయి.

ఫిబ్రవరి 3న ఆ బృందం వ్యాసం ‘నేచర్’లో వచ్చింది. సరిచూసిన లెక్క ప్రకారం వైరస్ పొడవు 29,903 అక్షరాలు.

నాలుగేళ్లు గడిచాయి. 2024 ఏప్రిల్ 28, ఆదివారం. షాంఘైలో వాన. ప్రయోగశాల తలుపు బయట నేల మీద ఒక మనిషి కూర్చున్నాడు. జాంగే. ఉన్నపళంగా ఖాళీ చేయమన్నారు. భవనానికి మరమ్మతులు, వేరే చోటిచ్చాం అన్నది ప్రయోగశాల ఉన్న వైద్య కేంద్రం. ఆ చోటు మా పనికి కావలసిన భద్రతతో లేదు అన్నాడు జాంగ్. లోపలికి రానివ్వలేదు. అతనూ కదల్లేదు. రాత్రి అక్కడే పడుకున్నాడు. ఈసారి కూడా అతను చేసింది అదే పని. జరిగింది జరిగినట్టు ఇంటర్నెట్‌లో పెట్టాడు. ఫొటోలు ఊరూరా తిరిగాయి.

మే 1న, ప్రస్తుతానికి ప్రయోగశాలలో పని కొనసాగించుకోవచ్చని కబురొచ్చింది. జాంగ్ లేచి లోపలికి వెళ్లాడు.

జెన్‌బ్యాంక్‌లో ఆ ఫైలు ఇప్పటికీ ఉంది. దాని నంబరు ఎంఎన్908947. తాళం లేదు, రుసుము లేదు, ఎవరైనా తెరిచి చూడొచ్చు.