పెద్దసారుకు తోడెవరు?



పిల్లవాడు బడినుంచి రాగానే "ఇవ్వాళ ఏం చెప్పిన్రు?" అని అడుగుతాం. మార్కులు తగ్గితే సారునే నిలదీస్తాం. మరి ఆ సారు బాగోగులు అడిగేదెవరు? ఈ ప్రశ్న నిన్న మొన్నటిది కాదు. దీని వెనుక అరవై ఏళ్ళకు పైబడిన చరిత్ర ఉంది.

హైదరాబాదు - విజయవాడ రోడ్డు మీది మా కేతేపల్లి వంటి ఊళ్ళలో హెడ్మాస్టరును పెద్దసారు అంటాం. పేరుకు పెద్దరికమే గాని, ప్రాథమిక పాఠశాలలో ఆయనకు గుమాస్తా అంటూ ఉండడు. హాజరుపట్టీ, పై ఆఫీసుకు పంపే లెక్కలు, వీటన్నిటి నడుమ పాఠాలు. ఇక ఏకోపాధ్యాయ పాఠశాల సంగతి చెప్పాలా? సారుకు జ్వరమొస్తే బడికి తాళమే.

1959లో మన రాష్ట్రంలో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు ఏర్పడ్డాయి. ప్రాథమిక పాఠశాలలు సమితుల కిందికి, హైస్కూళ్ళు పరిషత్తుల కిందికి వచ్చాయి. బడి ఊరికి దగ్గరయింది, మంచిదే. కాని సారును లెక్క అడిగేవాళ్ళు పెరిగినంతగా ఆదుకునేవాళ్ళు పెరగలేదు.

1964లో కేంద్ర ప్రభుత్వం కొఠారీ గారి అధ్యక్షతన విద్యా కమిషన్ వేసింది. 1966లో ఇచ్చిన నివేదికలో ఆ పెద్దలు అసలు జబ్బును పట్టుకున్నారు. ప్రతి బడీ ఒంటరిగా బతుకుతున్నదన్నారు. ఒక హైస్కూలు, దాని చుట్టుపక్కల ప్రాథమిక పాఠశాలలు కలిసి ఒక సముదాయంగా పనిచేయాలని, ఒకరికొకరు చేదోడుగా ఉండాలని సూచించారు. పల్లెల్లో పనిచేసే పంతులమ్మలకు నివాస వసతి కల్పించాలని కూడా చెప్పారు. ఒంటరిగా కొత్త ఊరికి వచ్చిన ఆడమనిషికి తలదాచుకునే ఇల్లు ఎంత అవసరమో మనకు వేరే చెప్పాలా?

తరువాత 1987లో "ఆపరేషన్ బ్లాక్ బోర్డ్" వచ్చింది. బడికి కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు, వీలైనంతవరకు అందులో ఒకరు స్త్రీ అన్నది దాని నియమం. రెండో టీచరు అంటే రెండో జీతం మాత్రమే కాదమ్మా, కష్టం చెప్పుకోవడానికి పక్కన ఒక మనిషి.

ఆ రోజుల్లోనే బ్రిటిష్ ప్రభుత్వ సహాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం మొదలై, 1989నుంచి రాష్ట్రమంతటా విస్తరించింది. అందులో భాగంగా టీచర్ సెంటర్లు పెట్టారు. ఇరుగుపొరుగు బడుల టీచర్లు ఒకచోట కూడి, పాఠం ఎలా చెప్పాలో, చిక్కు ఎక్కడ వస్తున్నదో మాట్లాడుకునేవారు. నా దృష్టిలో ఇది చాలా మంచి ఆలోచన. అయితే అటువంటి కూటమి సర్కులర్లు చదివి సంతకాలు తీసుకునే చోటుగా మారితే మాత్రం అది తోడు కాదు, ఇంకో బరువు.

2003లో బడిలో మధ్యాహ్న భోజనం వచ్చింది. పిల్లల కడుపు నిండింది. దాంతోపాటు బియ్యం లెక్క, గుడ్ల లెక్క కూడా పెద్దసారు పద్దులోకే చేరాయి. మంచి పని చేసేటప్పుడు కూడా ఆ పని ఎవరి నెత్తిన పడుతున్నదో చూడాలి గదా! 2020 జాతీయ విద్యావిధానం మళ్ళీ కొఠారీ గారి బడుల సముదాయం మాటే ఎత్తింది. యాభై నాలుగేళ్ళకు కూడా ఆ మాట అవసరమయిందంటే, మొదటిసారి అది పూర్తిగా అమలు కాలేదనే అర్థం.

ఇందులో మన వంతు ఏమీ లేదనుకోకండి. 2010నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులమంది తల్లిదండ్రులే ఉండాలి, సభ్యులలో సగంమంది స్త్రీలు ఉండాలి. ఆ కమిటీకి వెళ్ళి వేలిముద్రో సంతకమో పెట్టి వచ్చేయకండి. "మా పిల్లవాడు ఎట్ల చదువుతున్నడు సార్?" అని అడిగిన నోటితోనే "మీకేం ఇబ్బంది ఉన్నది సార్?" అని కూడా అడగండి. బడిలో నీళ్ళు లేకపోతే, పంతులమ్మకు మరుగుదొడ్డి లేకపోతే, ఆ సంగతి పై అధికారికి ఆమె ఒక్కతే రాయనక్కరలేదు, కమిటీ తీర్మానం చేసి పంపవచ్చు.

ఇంట్లో అమ్మ నీరసపడితే పొయ్యి వెలగదని మనకు తెలుసు. బడి సంగతీ అంతే. సారు మనసు కుదుటగా ఉంటేనే పిల్లల చదువు కుదుటపడుతుంది.