మంజీరా ఋణము: నిజాంసాగర చరిత్ర సంగ్రహము

మనలో ననేకులు అమీరుపేట, పంజగుట్ట ప్రాంతముల నివాసమేర్పఱచుకొనియున్నారు. పంజగుట్ట సమీపముననే ఎర్రమంజిలునందు జలసౌధ కలదు. రాష్ట్రపు చెఱువులకు, కాలువలకు, ఆనకట్టలకు సంబంధించిన వ్యవహారము లచట జరుగుచుండును. ప్రతిదినము దాని ముందునుండి పోవు మనము ఆ నీటి చరిత్ర నొకసారి స్మరించుట యుక్తమని తలంచి ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

మంజీరానది మహారాష్ట్రమున బాలాఘాటు కొండలయందు జనించి, బీదరు, మెదకు సీమలగుండ బ్రవహించి, కందకుర్తియొద్ద గోదావరిలో గలియును. ఇది పాఱు ప్రదేశములలో బెక్కింట వర్షము స్వల్పము. వానకాలమున పొంగి, వేసవిని ఇసుక మేటగా మిగులు నీ నదికి అచ్చంపేట గ్రామమువద్ద 1923వ సంవత్సరమున ఆనకట్ట నారంభించి, 1931లో ముగించిరి. అదియే నిజాంసాగరము. దీనికి సూత్రధారి నవాబు అలీ నవాజు జంగు బహద్దరు. ఈయన ఇంగ్లాండున కూపర్సు హిల్లు కళాశాలలో విద్య నభ్యసించిన ఇంజనీరు. 1908 నాటి మూసీ వరద పిమ్మట వెలసిన ఉస్మానుసాగర, హిమాయతుసాగరములతోడను ఈయన పేరు పెనవేసికొనియున్నది.

నిజాంసాగరమున తొలుత దాదాపు 30 శతకోటి ఘనపుటడుగుల నీరు నిలిచెడిది. సంకల్పించిన ఆయకట్టు 2,75,000 ఎకరములు. అనేక గ్రామములు నీట మునిగినవి. దిగువనున్న మెట్ట మాగాణియైనది. వరి పండెను, చెఱకు పెరిగెను. ఆ చెఱకును నమ్మి బోధనులో చక్కెర కర్మాగారము వెలసెను. కృష్ణా, గుంటూరు మండలములనుండియు కృషీవలులు వచ్చి బోధను, వర్ని ప్రాంతములలో స్థిరపడిరి. ఒకరు ఊరు విడిచినందున వేఱొకరికి అన్నము దొరకినదని మఱువరాదు.

అయినను కాలక్రమమున ఎగువ నేలల మన్ను కొట్టుకొనివచ్చి జలాశయమును పూడ్చెను. 1970వ దశకమునాటికి నిలువ 12 శతకోటి ఘనపుటడుగులకు లోబడెను. పిమ్మట నీటిమట్టమును హెచ్చించి దానిని 18కి సమీపముగా జేసిరి. ఇంతలో నగరము దప్పిగొన్నది. 1965లో మంజీరా నీరు హైదరాబాదునకు వచ్చెను. తరువాత ఎగువను సింగూరు ఆనకట్ట లేచెను. నది యొక్కటియే, చేతులు రెండు. వాన తప్పిన యేడు నగరపు కుళాయికే మొదటి వంతు. కాలువ చివరి రైతు ఆకసమువంక జూడవలసివచ్చెను. 2015-16 కఱవులో సింగూరు, మంజీరా జలాశయములు ఎండినప్పుడు నగరమును కృష్ణాగోదావరు లాదుకొన్నవి. ఆ రైతునకు అట్టి ఆదరువు లేకపోయెను. బోధను కర్మాగారమును 2015లోనే మూతపడెను.

నగరము నీరు త్రాగుట తప్పని మే మనము. దాహము తీర్చుట ధర్మమే. కాని అప్పు తీసికొన్నవాడు అప్పిచ్చినవాని పేరైన నెఱుగవలెను గదా! కావున మన పోషకమహాశయులకు మాదొక విన్నపము. నగరమున చదువుకొనవచ్చు నిజాంసాగరపు ఆయకట్టు పల్లెల బీద బిడ్డలకు మన వసతిగృహములలో కొంత చోటు కేటాయింపుడు. మంజీరా ఋణమును దీర్చుటకు మన చేతనున్న మార్గమిదియే. కుళాయి త్రిప్పినపుడెల్ల ఆ నదిని, దాని యొడ్డున నాగలి పట్టినవానిని తలంపుడు.