సిరా బిందువు లెక్క

ఇంటిలో ఛాయాచిత్రములు ముద్రించుకొనువారు చిత్రము నాణ్యముగను, చౌకగను, త్వరగను రావలెనని కోరుదురు. ఈ మూడింటిని కలుపుట ఎంత కష్టమో సిరా చిమ్మి ముద్రించు యంత్రముల చరిత్ర తెలుపుచున్నది.

1977లో జపానునందలి కానన్ పరిశోధనశాలలో వేడి టంకపు కడ్డీ ఒకటి సిరా నింపిన సిరంజి సూదికి తగిలినది. వెంటనే సూదికొన నుండి సిరా చిమ్మినది. ఉష్ణమువలన పుట్టిన ఆవిరి బుడగయే దానిని నెట్టినది. ఇట్టి సూత్రమునే విడిగా కనుగొన్న అమెరికా సంస్థ హ్యూలెట్-పాకార్డ్ 1984లో థింక్‌జెట్ యంత్రమును వెలువరించినది. దాని ముద్రణ శీర్షమున 12 సూక్ష్మరంధ్రములే ఉండెను. అవి అక్షరములకు చాలినవి, ఛాయాచిత్రములకు చాలలేదు.

చిత్రము నునుపుగా కనబడవలెనన్న సిరా బిందువు చిన్నది కావలెను. బిందువు వ్యాసము సగమైనచో ఘనపరిమాణము ఎనిమిదవ వంతగును. అంతే సిరాను చిమ్ముటకు ఎనిమిది రెట్లు బిందువులు కావలెను. రంధ్రములు పెంచనిచో కాలము పెరుగును. పెంచినచో యంత్రపు ఖరీదు పెరుగును.

1994లో జపాను సంస్థ ఎప్సన్ వెలువరించిన స్టైలస్ కలర్ యంత్రము అంగుళమునకు 720 చుక్కలు ముద్రించినది. 1996లో స్టైలస్ ఫొటో యంత్రమున లేత సయాన్, లేత మెజెంటా సిరాలు చేరి రంగులు ఆరైనవి. ముఖచ్ఛాయలలో చుక్కలు కంటికి ఆనుట తగ్గినది. కాని లేత సిరాతో అంతే రంగు తెచ్చుటకు సిరా హెచ్చుగా కావలెను.

దూరమునుండి చూచు గోడపటమునకును, చేతబట్టి చూచు చిత్రమునకును ఒకే నాణ్యము అక్కరలేదు. దేనికెంత కావలెనో ముద్రించువారే తూచుకొనవలెను.